అరకులో ఆరు గదుల హోమ్‌స్టేకు ఫోటోలు ఎవరు తీయాలి, ఏవి తీయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అరకు ఊరికి కాస్త ఎడంగా మీరు ఆరు గదుల హోమ్‌స్టే కట్టుకున్నారు, దీపావళి దాటాక తెరవాలనుకుంటున్నారు. విశాఖపట్నం నుంచి ఒక ఫోటోగ్రాఫర్ డ్రోన్‌తో సహా రెండు రోజుల పనికి 70 వేల రూపాయలు అడిగారు. మీ మేనల్లుడేమో తన కొత్త ఫోన్‌తో ఉచితంగా తీసిపెడతానంటున్నాడు. ఇద్దరిలో ఎవరి చేత తీయించాలి, అసలు ఎలాంటి ఫోటోలుంటే గదులు నిండుతాయి అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పి తరువాత కారణాలకు వస్తాను. ఇద్దరినీ పెట్టుకోండి, పనిని మాత్రం విడదీయండి. గదులు, స్నానాల గదులు, సాయంత్రం దీపాలు వెలిగించిన ఇంటి ముందుభాగం, ఈ మూడింటి కోసం ఫోటోగ్రాఫర్‌ను ఒక్క రోజుకు, డ్రోన్ లేకుండా మాట్లాడుకోండి. తోట, వంట, దారి, పొగమంచు, నెలనెలా మారే కొండల రంగు మీ మేనల్లుడికి అప్పగించండి. ఆ రెండో పని ఒక్కరోజులో అయ్యేది కాదు, ఎంత డబ్బిచ్చినా ఏ ఫోటోగ్రాఫరూ ఏడాదంతా మీ ఇంట్లో కూర్చోడు. ఇద్దరిలో ఎవరు కెమెరా ఎత్తకముందే మీరు చేయవలసినది ఒకటుంది. గది బుక్ చేసేవారు మీకు ఫోన్ చేసి ఏమేమి అడుగుతారో ఒక కాగితం మీద రాసుకోండి. వేడినీళ్లు వస్తాయా, కారు ఇంటిదాకా వస్తుందా, అమ్మానాన్న మెట్లెక్కగలరా, గదిలో నలుగురం పడతామా, భోజనం దొరుకుతుందా. ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఫోటో జవాబు చెప్పాలి. అందంగా ఉండడం దాని తరువాతి సంగతి.

నేను పదహారేళ్లుగా విశాఖలో ఉండి హోటళ్లకు, రిసార్టులకు ఫోటోలు తీస్తున్నాను. అంతకు ముందు పెళ్లిళ్లు తీసేవాడిని. పెళ్లి ఫోటోను జరిగిపోయిన వేడుకను తలుచుకోవడానికి చూస్తారు, దానిలో కాస్త మెరుగులు దిద్దినా అడిగేవారు లేరు. హోటల్ ఫోటో అలా కాదు, అది అతిథికి ముందుగా ఇచ్చే మాట. అతిథి ఆ ఫోటోను ఫోన్‌లో ఉంచుకుని మరీ మీ గుమ్మంలోకి వస్తాడు. ఈ తేడా నాకు దెబ్బ తిన్నాకగాని తెలియలేదు.

ఆ దెబ్బ కోనసీమలో తగిలింది. గోదావరి ఒడ్డున ఒక చిన్న రిసార్టు వారు తమ గదులు ఇరుకుగా ఉన్నాయని, కాస్త విశాలంగా కనిపించేలా తీయమని అడిగారు. నేను 16 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్స్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఫోటోలో పట్టే వెడల్పు పెరుగుతుంది) తగిలించి, గది మూలలోకి గోడకు వీపు ఆనించి నిలబడి, కెమెరాను నడుము ఎత్తున పెట్టి తీశాను. పది అడుగుల గది కళ్యాణ మండపంలా వచ్చింది. యజమాని ఎంతో సంతోషించారు, నేనూ గర్వపడ్డాను. రెండు నెలలకు ఒక అతిథి అదే మూల నుంచి తన ఫోన్‌తో తీసిన ఫోటోను నా ఫోటో పక్కన పెట్టి, మంచానికీ గోడకూ మధ్య మోకాలు కూడా పట్టడం లేదని రివ్యూ రాశాడు. ఆ రిసార్టు పేజీలో అందరికంటే ఎక్కువమంది చదివిన రివ్యూ అదే అయింది. యజమాని నన్ను పల్లెత్తు మాట అనలేదు, కాని మళ్లీ పనికి పిలవలేదు. అప్పటి నుంచి గదుల్లో 24 మిల్లీమీటర్ల కంటే వెడల్పైన లెన్స్ వాడడం దాదాపు మానేశాను. మీ మేనల్లుడి ఫోన్‌లో 0.5 అని ఒక మీట ఉంటుంది, గదుల లోపల దాని జోలికి పోవద్దని చెప్పండి. అది గదిని సాగదీస్తుంది, అంచుల్లో ఉన్న కుర్చీలను, మంచం కాళ్లను వంకర చేస్తుంది. గుమ్మంలో నిలబడి, ఛాతీ ఎత్తున ఫోన్ పట్టుకుని, మామూలు 1 దగ్గర తీస్తే ఎంత గది కనిపిస్తే అంతే చాలు. చిన్న గది చిన్నదిగా కనిపించినా ఫరవాలేదు. ఆ గదికి తగిన అతిథే దానిని బుక్ చేస్తాడు. పైగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను తప్పుగానే చూస్తుంది కాబట్టి, ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం అనుకోవడానికి కూడా లేదు.

ఫోటోలకు ఇంత ప్రాధాన్యం ఎందుకని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఇళ్లలో గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ తొలిరోజుల సంగతి చెప్పండి. 2009లో న్యూయార్క్‌లో వారికి బుకింగులు ఎదుగూబొదుగూ లేకుండా ఉన్నప్పుడు, స్థాపకులే కెమెరా పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఫోటోలు తీశారు. ఆ తరువాత వారపు ఆదాయం రెట్టింపయిందని వాళ్లే చెప్పుకున్నారు. ఈ కథ చెప్పేవారందరూ కెమెరాను గుర్తుంచుకుంటారుగాని, వాళ్లు ప్రతి ఇంటి గడప తొక్కి లోపల ఏముందో కళ్లారా చూశారన్న ముక్కను మరిచిపోతారు. నా దృష్టిలో సగం పని అక్కడే జరిగింది.

ఇక గదుల సంగతి. ఫోటోగ్రాఫర్ వచ్చే రోజుకు ముందురోజు మీరు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. గదిలో ఒక బల్బు పసుపు, ఒక ట్యూబ్‌లైట్ నీలంతో కలిసిన తెలుపు ఉంటే గోడ సగం నిమ్మకాయ రంగులో, సగం ఆసుపత్రి గోడలా వస్తుంది. దానిని కంప్యూటర్ మీద సరిచేయడం చాలా కష్టం. అన్ని బల్బులనూ ఒకే రంగువి పెట్టించండి, లేదా పగలు తీసేటప్పుడు అన్నీ ఆర్పేసి కిటికీ వెలుగుతోనే తీయించండి. దుప్పటిని మంచం మీద పరిచాక, అక్కడే ఇస్త్రీ చేయించండి. మడతల గీతలు కంటికి కనిపించవుగాని కెమెరాకు కనిపిస్తాయి. టీవీ వెనుక వేలాడే వైర్లను టేపుతో అణచండి. దోమల మందు మిషన్, చెప్పులు, బకెట్లో తుడుపుగుడ్డ, గోడకు పోయిన ఏడాది క్యాలెండర్, ఇవన్నీ ఒక్కసారి తీసి పక్కన పెట్టండి. ఎండ నేరుగా గదిలో పడే వేళ ఫోటో తీయకూడదు. తూర్పు కిటికీ ఉన్న గదిని మధ్యాహ్నం, పడమర కిటికీ ఉన్న గదిని ఉదయం తీస్తే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. ఫోటోలో గోడల అంచులు, తలుపు నిలువులు కచ్చితంగా నిట్టనిలువుగా ఉండాలి. ఇది ఫోటోగ్రాఫర్ పనితనాన్ని కొలిచే తేలికైన గుర్తు కూడా. ఆయన పాత ఫోటోలు అడిగి చూడండి, గోడలు వెనక్కి పడిపోతున్నట్టు ఉంటే మరొకరిని వెతుక్కోండి. అలాగే హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా తగ్గించే పద్ధతి) పేరుతో నీడ అన్నది ఎక్కడా లేకుండా చేసి, గదిని రంగు వేసిన ప్లాస్టిక్ బొమ్మలా మార్చేవారు కొందరున్నారు. వారినీ దూరం పెట్టండి.

స్నానాల గదిని దాచకండి. ఇది నేను ప్రతి యజమానితోనూ వాదించే విషయం. బాత్రూమ్ ఫోటో లేని పేజీని చూసిన ఇల్లాలు వెంటనే పక్క పేజీకి వెళ్లిపోతుంది, ఎందుకంటే దాచారంటే ఏదో ఉందనే అర్థం. అనంతగిరి దగ్గర ఒక హోమ్‌స్టేలో నేను బాత్రూమ్‌ను తీసిన విధానం చెబుతాను, మీకూ పనికొస్తుంది. అది ఐదడుగుల వెడల్పు గది. ముందుగా నేలను కడిగించి, ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిపించాము. తడినేల ఫోటోలో మురికినేలలా కనిపిస్తుంది. కుళాయి మీది తెల్లటి ఉప్పు మరకలను నిమ్మచెక్కతో రుద్దించాము. కమోడ్ మూత మూయించాము. అద్దంలో నేనూ నా ట్రైపాడూ పడకుండా తలుపు బయట ఒక పక్కకు జరిగి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలాను. అన్నీ అయ్యాక గోడ మీది గీజర్ ఫోటో అంచులో సగం తెగిపోయిందని గమనించాను. సాధారణంగా అందం కోసం దానిని పూర్తిగా తప్పించేవాడిని. ఆ రోజు మాత్రం కెమెరా ఒక జానెడు పైకెత్తి, గీజర్ మొత్తం, దాని ఎర్రదీపం వెలుగుతూ ఉండగా, ఫోటోలోకి తెచ్చాను. డిసెంబరు చలిలో అరకు వచ్చేవారు మొదట అడిగేది వేడినీళ్ల గురించే. ఆ ఫోటో పెట్టాక ఆ ప్రశ్నతో వచ్చే ఫోన్లు బాగా తగ్గాయని యజమాని తరువాత చెప్పారు. నేను తీసిన వాటిలో బహుశా అన్నిటికంటే అందవిహీనమైన ఫోటో అదే, అన్నిటికంటే ఎక్కువ పనిచేసినదీ అదే.

ఇలాంటి అందం లేని ఫోటోలు మరికొన్ని ఉన్నాయి, వాటిని మీ మేనల్లుడు చక్కగా తీయగలడు. శృంగవరపుకోట నుంచి ఘాట్ ఎక్కి వచ్చిన కుటుంబం ప్రధాన రోడ్డు దిగి మీ ఇంటికి మళ్లే మలుపు, అక్కడి మీ బోర్డు, చివరి మట్టిరోడ్డు ఎలా ఉందో అలాగే. కార్లు నిలిపే చోటును ఒక కారు నిలిపి ఉండగా తీయాలి, లేకపోతే ఖాళీ స్థలం ఎంతన్నది కంటికి అందదు. మెట్లుంటే మెట్లు, వాటికి పట్టుకునే కమ్మీ ఉంటే కమ్మీతో సహా. కిరండూల్ రైలులో వచ్చేవారిని మీరు స్టేషన్ నుంచి తెచ్చుకునేటట్టయితే స్టేషన్ బయట నిలిపిన మీ జీపు. ఆ రైలుకు 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ చేర్చినప్పటి నుంచి దాని ఫోటోను ప్రతి లాడ్జీ తన పేజీలో పెట్టుకుంటోంది. మీరు ఆ పని చేయకండి. బొర్రా గుహలు, చాపరాయి, కటికి జలపాతం ఫోటోలు పెట్టాలనుకుంటే చివరన పెట్టి, మీ ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లో కింద రాయండి. వంజంగి మేఘాలు పాడేరు దగ్గర కనిపించేవి, మీ వరండా నుంచి కనిపించేవి కావు. ఆ ఫోటో మొదట పెట్టినవారి దగ్గరకు వచ్చి, తెల్లవారుజామున కిటికీ తెరిచి మేఘాలేవని అడిగినవారు నాకు తెలుసు.

కాలం విషయం ఇంకొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే కొండ ప్రాంతపు వ్యాపారులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. అరకు ఏడాదిలో కనీసం నాలుగు వేషాలు వేస్తుంది. వానాకాలంలో కొండలు ముదురాకుపచ్చగా ఉండి వాగులు నిండుగా పారుతాయి. వానలు వెనకబట్టాక వలిసె అనే నూనెగింజల పంట పూలు పొలాలను పసుపు ముద్ద చేస్తాయి. నవంబరు నుంచి కాఫీ పండ్లు ఎర్రబడి కోతలు మొదలవుతాయి, డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్ముకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క వాన పడితే కాఫీ తోటలు మల్లెల్లాంటి తెల్లటి పూలతో నిండిపోతాయి, మిగతా కొండ మాత్రం ఎండిపోయి ఉంటుంది. మీరు నవంబరులో ఒక్కసారి తీయించిన పసుపు పొలాల ఫోటోనే మొదటి ఫోటోగా ఏడాదంతా ఉంచితే, మే నెలలో వచ్చే కుటుంబం ఏమనుకుంటుంది? లంబసింగి వైపు ఒక రిసార్టుకు పొగమంచు ఫోటోలు తీసింది నేనే. మే నెలలో ఒక పెద్దాయన మనవలకు స్వెట్టర్లతో సహా దిగి, మేనేజరును నిలదీశారట. అందుకే ప్రతి బయటి ఫోటో కింద అది ఏ నెలలో తీసినదో రాయండి, రెండు నెలలకొకసారి మొదటి ఐదు ఫోటోలను మార్చండి. మేనల్లుడు వారానికొక ఉదయం ఒకే వరండా నుంచి, ఒకే చోట నిలబడి, ఒకే ఫోటో తీస్తూ పోతే ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఉండే వరుసను ఏ పెద్ద హోటలూ కొనలేదు. ఎండాకాలంలో కూడా వేకువ చల్లదనం, కాఫీ పూలు, ఖాళీగా ఉన్న చాపరాయి చూపించవచ్చు. లేనిదాన్ని చూపించకుండా ఉంటే చాలు. వలిసె పొలాల్లోకి అతిథులను దింపి ఫోటోలు తీసేముందు రైతును అడగండి, ఆయన అడిగినది ఇవ్వండి. తొక్కిన చేను ఆయనదే.

వంటల ఫోటోల గురించి రెండే మాటలు. కిటికీ పక్కన బల్ల వేసి, వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, పై దీపం ఆర్పి తీయాలి. ఫోన్‌లోని ఫ్లాష్ ఎప్పుడూ వాడకూడదు. బొంగులో చికెన్‌ను గిన్నెలో పోసి తీస్తే అది ఏ ఊరి కోడికూరో తెలియదు. కాలి నల్లబడిన బొంగును చీల్చి ఆకులో ఒంపుతున్న క్షణంలో తీయాలి, అందుకు వండేవారికి ముందే చెప్పి పెట్టుకోవాలి. కాఫీ పొగ కనబడాలంటే కప్పు వెనుక చీకటి, పొగ వెనుక నుంచి ఉదయపు వెలుగు ఉండాలి. అరకులో చలి ఉదయాలు కాబట్టి మీకు ఇది సునాయాసంగా వస్తుంది, మేము విశాఖలో ఏసీ గదిలో నానా పాట్లు పడతాము.

మనుషుల ఫోటోల దగ్గర నిదానం కావాలి. మీ చుట్టుపక్కల ఉన్నవారిలో ఎక్కువమంది ఆదివాసులు. సంతకు వచ్చిన ముసలమ్మ ముక్కుపోగులు, థింసా ఆడుతున్న ఆడపడుచులు, చెట్టెక్కిన పిల్లలు, ఇవన్నీ పర్యాటక ప్రకటనల్లో ఊరూపేరూ లేని అలంకారాలుగా వాడుకోవడం ఏళ్ల తరబడి సాగుతోంది. మీ ఇంటి వ్యాపారానికి వాడే ఫోటో కాబట్టి, దేనికి వాడతారో వారి భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే తీయండి. డబ్బు ఇవ్వండి, తీసిన ఫోటో కాపీ అచ్చువేసి ఇవ్వండి. పిల్లల ఫోటోలు వద్దేవద్దు. మీ దగ్గర వంట చేసే మనిషి, తోట చూసే మనిషి ఇష్టపడితే వారి ఫోటోలు పేరుతో సహా పెట్టండి. అతిథికి ఇంట్లో ఎవరుంటారో తెలియడం ఒంటరిగా వచ్చే ఆడవారికి ఎంత ధైర్యమో మీకు చెప్పనక్కర్లేదు. అతిథులను తీసినా ఇదే పద్ధతి, అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దు. పడవ ప్రయాణాలు నడిపే మిత్రులు ఈ జవాబు చదువుతుంటే వారికి ఒక్క మాట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన ఘోరం తరువాత, లైఫ్ జాకెట్ లేకుండా పడవ అంచున నిలబడి నవ్వుతున్న ఫోటో ఎంత బాగున్నా చూసేవారికి గుండె గుభేలుమంటుంది. ఆ ఫోటోలు ఇంకా ఉంటే తీసేయండి.

డ్రోన్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. ఆరు గదుల ఇల్లు పై నుంచి చూస్తే రేకుల కప్పు, నీళ్ల ట్యాంకు, ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. అతిథి ఎప్పుడూ అంత ఎత్తు నుంచి మీ ఇంటిని చూడడు. నది మలుపు చుట్టి ఉన్న రిసార్టుకో, పెద్ద కాఫీ ఎస్టేటుకో అయితే నేనే డ్రోన్ తీసుకువెళతాను. ఎవరైనా ఎగరేస్తానంటే మాత్రం 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ సంఖ్య ఉందా, 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బుకు ఎగరేస్తున్నారు కాబట్టి పైలట్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ మండలంలో ఉందో లేదో ఆయన చేతనే చూపించుకోండి. నీళ్లు నమిలితే మాట అక్కడితో ఆపేయండి.

బేరం కుదిరాక ఒక కాగితం రాసుకోవడం ఇద్దరికీ మంచిది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు మీరే. చాలామంది ఫోటోగ్రాఫర్లు తమ ఒప్పంద పత్రంలో దీనిని తిరగరాస్తారు, అందులో తప్పేమీ లేదు, కాని మీరు చదవకుండా సంతకం చేయవద్దు. బుకింగ్ యాప్‌లు, గూగుల్ మ్యాప్, మీ వెబ్‌సైట్, అచ్చు కరపత్రం, అన్నిటికీ కాలపరిమితి లేకుండా వాడుకోవచ్చని స్పష్టంగా ఉండాలి. ప్రతి ఫోటో పూర్తి సైజులో ఒకటి, వెబ్‌కు తగ్గించినది ఒకటి ఇవ్వాలి. అడ్డంగా తీసినవాటితో పాటు ఇన్‌స్టాగ్రామ్ కోసం కొన్ని నిలువుగా కూడా తీయాలి. ఆకాశం మార్చకూడదు, లేని చెట్టు తేకూడదు, ఉన్న కరెంటు స్తంభం తీసేయకూడదు అని కూడా రాయించండి. ఈ చివరి మూడు షరతులు విని నవ్వినవారున్నారు. స్తంభం తీసేసిన ఫోటో చూసి వచ్చిన అతిథి వరండాలో కుర్చీ వేసుకుని చూసేది ముందుగా ఆ స్తంభాన్నే.

పేజీలో మొదటి ఫోటోగా సూర్యాస్తమయం తరువాత పదిహేను, ఇరవై నిమిషాల్లో తీసిన ఇంటి ముందుభాగం పెట్టండి. ఆకాశం ఇంకా నీలంగా ఉండి, మీ వరండా దీపాలు పసుపుగా వెలిగే ఆ కొద్దిసేపు కోసమే ఫోటోగ్రాఫర్‌కు ఇచ్చే డబ్బులో సగం అనుకోండి. ఫోన్ తెరమీద బొటనవేలంత కనిపించినా కంటికి ఆనేది అదే. తరువాత మంచం, ఆ వెంటనే బాత్రూమ్, కిటికీలోంచి కనిపించేది, భోజనం, దారి. మొత్తం పాతిక, ముప్పై చాలు. ఒకే మంచానికి ఏడు ఫోటోలు పెడితే ఆరు గదులున్నాయన్న నమ్మకం కూడా పోతుంది.

కొండల్లో సూర్యుడు ఆలస్యంగా ఎక్కి త్వరగా దాగుతాడు కాబట్టి ఒక్క రోజులో పని తెమలాలంటే వేళలు ముందే లెక్క వేసుకోవాలి. ఆరు గదుల కిటికీలు ఏ దిక్కుకు ఉన్నాయో, ఇంటి ముఖం ఎటో, పడమర వైపు కొండ ఎంత దగ్గరగా ఉందో ఇక్కడ రాయండి. ఏ గదిని ఏ గంటకు తీయాలో ఒక వరుస రాసి పెడతాను, దానిని ఫోటోగ్రాఫర్ చేతికి ఇవ్వండి.